గడియ పెట్టారో లేదో

"ఇంక మీరు వెళ్లండమ్మా, మీరు కనిపిస్తూ ఉంటే వాడు కుదురుకోడు" అంది టీచరు. వెళ్తానంది ఆమె. వెళ్తానని వరండా మెట్లు దిగి, ఆవరణ దాటి, గేటు దాకా వచ్చింది కూడా, కానీ గేటు దాటడానికి కాలు రాలేదు. వాచ్‌మన్ గది గోడకి ఆనించి ఒక పాత బల్ల ఉంటే దాని మీద కూర్చుంది. ఎవరైనా అడిగితే చెప్పు తెగిందని చెబుదామనుకుంది, ఎవరూ అడగలేదు. బడి తెరిచిన మొదటిరోజు, ఎవరి గొడవ వాళ్లది. ఆలస్యమైన పిల్లలు సంచులు వీపుల మీద ఎగిరెగిరిపడుతుంటే గేటు సందులోంచి దూరి పరుగెత్తుతున్నారు. ఒక్కొక్కరికీ వాచ్‌మన్ గేటు తెరుస్తున్నాడు, మళ్లీ చేరవేస్తున్నాడు, చేరవేస్తున్నాడే గాని గడియ పెట్టడం లేదు. జానెడు సందు మిగిలిపోతోంది. వాడికి జానెడు కూడా అక్కర్లేదు, తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే, పిల్లికి పట్టినట్టు. ఆ సందులోంచి రోడ్డు కనిపిస్తోంది, రోడ్డు కాదు, రోడ్డు ముక్క, ఆ ముక్కలోంచి ఒక చక్రం వెళ్లింది, ఇంకో చక్రం వెళ్లింది, ఎవరిదో కాలు, ఎవరిదో గొడుగు. ఆ ముక్క చాలు వాడికి. తిరిగే చక్రం ఒకటి కనిపిస్తే వాడికింక లోకం లేదు.

వాడంటే ఆమె మూడో సంతానం, ఏడేళ్లవాడు, ఇంట్లో అందరూ కందిరీగ అంటారు. ఆ పేరు అత్తగారు పెట్టింది, వాడి నోట మాట లేదు గాని ఎప్పుడూ ఝుమ్మని ఒక రాగం ఉంటుంది కనక, ఒకచోట వాలడు కనక, పట్టుకోబోతే కుడతాడు కనక. డాక్టరు పెట్టిన పేరు వేరే ఉంది, అది పొడుగ్గా ఉంటుంది, చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. ఇన్నాళ్లూ వాడు వెళ్లిన చోట పిల్లలు కొద్దిమంది, ఆయాలు ఇద్దరు, తలుపుకి లోపలా గడియే, బయటా గడియే. ఇక పదిమందిలో పడనివ్వండి అన్నాడు డాక్టరు. పదిమందిలో పడటం ఆయనకి తేలికైన మాట. పదిమందిలో పడ్డవాడు పదిమంది నోళ్లలో కూడా పడతాడు, పదిమంది కాళ్ల కింద కూడా పడతాడు, ఆ సంగతి ఆయనకెందుకు తెలుస్తుంది? ఏమీ కాదు అన్నాడు భర్త, తెల్లవారుజామునే డ్యూటీకి పోతూ, బస్సు డ్రైవరు ఆయన, రోజూ ఊరందరినీ ఎక్కించి దించే మనిషికి ఏదైనా ఏమీ కానట్టే ఉంటుంది. ఆయన ఏమీ కాదన్నప్పుడల్లా ఏదో ఒకటి అయింది. పెద్దోడి చెవుల సంగతీ మొదట ఏమీ కాదనే అన్నాడు, పరధ్యానం వెధవ, పిలిస్తే పలకడంతే అన్నాడు.

పెద్దోడు ఈపాటికి బస్సు దిగి ఉంటాడు. దిగి రోడ్డు దాటుతూ ఉంటాడు. చెవిమిషన్లో కొత్త బ్యాటరీ వేసిందా తను? వేసింది. వేసిన గుర్తుందా? పాతది తీసి కిటికీ మీద పెట్టిన గుర్తుంది, కొత్తది వేసిన గుర్తు లేదు. వాడైనా చూసుకుంటాడు, మీసాలొస్తున్న పిల్లాడు, హైస్కూల్లో ఆఖరి ఏడు. కానీ చూసుకున్నా వాడు దాన్ని జుట్టు కింద దాచేస్తాడు, ఎవరైనా చూస్తారని ఒక్కోసారి తీసి జేబులో పడేస్తాడు, అప్పుడు వెనక నుంచి వచ్చే హారను వాడికి గోడ మీద బల్లి అరిచినంత. అక్కడికి ఆమె చెయ్యి చేరదు. ఒక తల్లి చెయ్యి ఎంత పొడుగుంటే మాత్రం రెండు బళ్లకి, రెండు రోడ్లకి చేరుతుంది? పిల్లల్ని కన్నవాళ్లకి భయం కాన్పుతోనే పుడుతుందే, దానికి వేరే పేరు పెట్టక్కర్లేదు అంటుంది అత్తగారు, అని, తోడికోడలి చంటిదాన్ని కాళ్ల మీద వేసుకుని నిద్రపుచ్చుతుంది. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, ఐదుగురు మనవలు, ఒకే కప్పు, ఒకే స్నానాల గది. గంపెడు సంసారం. ఈ పొద్దున ఆ గంప తలకిందులైంది. ఒకరి బూటు ఇంకొకరి కాలికి, ఒకరి డబ్బా ఇంకొకరి సంచిలో, స్నానాల గది తలుపు దగ్గర బావామరదళ్లు పెళ్లిచూపులకి నిలబడ్డట్టు వరస, అని అత్తగారి హాస్యం. ఆమె మాత్రం ఒక మూల కూర్చుని బ్లేడు మొనతో కందిరీగ చొక్కా మెడ వెనక బడి పేరున్న చీటీని ఆఖరి పోగు దాకా విప్పుతూ ఉంది. కుట్టుపని ఆమె వృత్తి, ఊళ్లో సగం బడిపిల్లల చొక్కాలు ఆమె మిషన్ కిందనుంచే వెళ్తాయి, కానీ వాడి చొక్కా దగ్గరికొచ్చేసరికి పని తిరగబడుతుంది, కుట్టిందంతా లోపలి వైపు మళ్లీ విప్పి, మడతలు బయటికి తిప్పి, చదును చేసి, మెత్తబడేదాకా మళ్లీ మళ్లీ ఉతికి. ఒక్క పోగు మెడకి గుచ్చుకుంటే చాలు, వాడు చొక్కా విప్పేస్తాడు, క్లాసైనా, రోడ్డైనా. ఆఖరి పోగు వచ్చిందా? వచ్చిందనుకుంటా. వేలితో తడిమి చూసింది. తన వేలు మొద్దువేలు, సూదులు గుచ్చుకుని గుచ్చుకుని కాయ కాసిన వేలు, దానికేం తెలుస్తుంది?

"ఎవరమ్మా మీవాడు?" అన్నాడు వాచ్‌మన్, ఉన్నట్టుండి. తెల్ల మీసాల మనిషి, స్టూలు మీద కూర్చుని అరికాలు గోక్కుంటున్నాడు.

"రెండో తరగతి, బాబాయ్. గడియ పెట్టరా గేటుకి?"

"అందరూ వచ్చాక పెడతాను. మీరేం బెంగపడకండి, నన్ను దాటి ఈగ కూడా పోదు."

"వాడు ఈగ కాదు బాబాయ్, కందిరీగ."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే గేటు వైపు చూసింది, ఇంకో పిల్ల దూరి లోపలికి పోయింది, సందు ఇప్పుడు ఇంకాస్త పెద్దదైంది. నవ్వితే భయం పోతుందంటారు, పోదు, కాసేపు పక్కకి జరిగి నిలబడుతుంది. లోపల ఆ పొడుగు భవనంలో తన ఇంటి పిల్లలు ముగ్గురున్నారు. కందిరీగ రెండో తరగతిలో, ఈ చివర. గువ్వ ఒకటో తరగతిలో, ఆ చివర. గువ్వ తోడికోడలి కూతురు. నిదానం పిల్ల, నడకా నిదానమే, మాటా నిదానమే, పుట్టిన నాడే డాక్టర్లు ముఖం చూసి చెప్పేశారు ఈ పిల్ల నిదానమని, కానీ ప్రేమ మాత్రం తొందరే, ఎవరు కనిపిస్తే వాళ్లని వాటేసుకుంటుంది. ఆస్పత్రిలో నర్సు తోడికోడలు, పొద్దున డ్యూటీ దిగి నేరుగా రాలేనని ఫోన్ చేసింది, అక్కా, దాని చెయ్యి మాత్రం వదలకే, ఎవరు రమ్మంటే వాళ్లతో పోతుంది అంది. నాకున్నవి రెండు చేతులేనే తల్లీ అంది ఆమె, చూసుకుంటాలే అంది. ఒకడు ఎవరికీ చెయ్యివ్వడు, ఒకతి ఎవరికైనా చెయ్యిస్తుంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయపడాలో ఏ తల్లి తేల్చగలదు? వాడి మణికట్టు తను పట్టుకుంది, చెయ్యి కాదు, మణికట్టు, చెయ్యి పట్టుకుంటే లాక్కుంటాడు. గువ్వ చెయ్యి నడిపిది పట్టుకుంది. నడిపిది ఉంది కనక సరిపోయింది. నడిపిది ఎప్పుడూ ఉంటుంది. రెండో సంతానం, పదేళ్లది, ఏ డాక్టరూ ఏ పేరూ పెట్టని పిల్ల, నోట్లో నాలుక లేని పిల్ల, గువ్వ బూట్లు తనే తొడిగింది, వాడి నీళ్లసీసా తనే నింపింది, తన జడ తనే వేసుకుంది. ఈ ఏడు ఐదో తరగతి, మేడ మీద. ఇవాళ ఏ జడ వేసుకుంది, ఒకటా, రెండా? గుర్తు రాలేదు ఆమెకి. ఇంతసేపు పక్కనే నడిచింది కదా, ఇంత దూరం, ఎంత తలచుకున్నా కందిరీగ మణికట్టు గుర్తొస్తోంది, గువ్వ తప్పటడుగులు గుర్తొస్తున్నాయి, నడిపిది గుర్తు రావడం లేదు. పోనీలే. అది క్లాసుకి వెళ్లిపోయి ఉంటుంది, దానికేం, చెప్పక్కర్లేదు.

అప్పుడు లోపలి నుంచి అరుపు వినిపించింది.

ఆమె లేచి నిలబడింది. లేచినట్టు కూడా తెలియలేదు, గుండె లేచింది, ఒళ్లు దాని వెనక లేచింది. అరుపు ఈ చివర నుంచే. మళ్లీ. వాడే. టీచరు చెయ్యి పట్టుకుని ఉంటుంది, పట్టుకోవద్దని చెప్పింది తను, మణికట్టు అని చెప్పింది, చెప్పిందా, లేక చెబుదామనుకుని వాడి సంచి చూపించడంలో మరిచిపోయిందా? ఫ్యాన్ వేశారేమో, తిరిగే ఫ్యాన్ ఆపేశారేమో, ఆపితే వాడికి ప్రాణం పోయినట్టే. నాలుగడుగులు వేసింది. నిలబడి చెవి పెట్టింది. ఆ అరుపులో ఏదో ఉంది, కొనకొచ్చేసరికి విరిగి మాటవుతోంది, అమ్మా, అమ్మా అంటోంది. వాడు కాదు. వాడి ఏడుపులో మాట ఉండదు. ఏడేళ్లలో వాడు ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఎవరి పిల్లాడో, కొత్త పిల్లాడు, తల్లి కావాలని గుక్కపట్టి ఏడుస్తున్నాడు, వాడు కాదని తెలిసిన వెంటనే ఆమెకి సిగ్గుపడాల్సినంత అసూయ వచ్చింది. ఎక్కడుందో ఆ తల్లి, ఇంటికి పోయి హాయిగా పని చేసుకుంటూ ఉంటుంది, ఇక్కడ ఆవిడ కొడుకు గోడలు అదిరిపోయేలా ఆవిణ్ని పిలుస్తున్నాడు, వినడానికి ఆవిడ లేదు, వినడానికి ఇక్కడ తానున్నది, తనని పిలిచేవాడు లేడు.

మళ్లీ వచ్చి బల్ల మీద కూర్చుంది. వాడి గొంతు వినపడకపోవడమే మంచిది అనుకుంది. అనుకోగానే అది భయమైంది. వాడు ఎప్పుడూ ఝుమ్మంటూనే ఉంటాడు, ఇంట్లో ఏ మూల ఉన్నా ఆ రాగం వినిపిస్తూనే ఉంటుంది, మిషన్ చప్పుడు కింద కూడా, అది ఆగిందంటేనే తల ఎత్తుతుంది తను. మొన్న ఎండాకాలం అది ఆగినప్పుడు తల ఎత్తలేదు. కొత్త యూనిఫాంల రోజులు, బట్ట గుట్టలు గుట్టలుగా ఉంది, మిషన్ తొక్కుతూనే ఉంది, అత్తగారు కునుకు తీస్తోంది, తోడికోడలు నిద్రలో ఉంది, వీధి తలుపు గడియ ఎవరు తీశారో, అసలు ఎవరైనా పెట్టారో లేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. దారం తెగి ఆగినప్పుడు వినపడింది ఇంట్లో నిశ్శబ్దం. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండదు. చెప్పుల్లేకుండా వీధిలో పడింది, ఈ సందు, ఆ సందు, కొళాయి దగ్గర అడిగింది, మంగలి దుకాణంలో అడిగింది, చూళ్లేదమ్మా, చూళ్లేదమ్మా, పెద్దరోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి, ఆ హారన్ల మధ్య వాడు నిలబడి ఉన్నాడు, నడిరోడ్డు మీద, తల పైకెత్తి, కాంక్రీటు కలిపే లారీ ఒకటి ఆగి ఉంది వాడికి ఎదురుగా, దాని వెనక ఆ పెద్ద పీపా తిరుగుతోంది, తిరుగుతోంది, వాడు ఝుమ్మంటున్నాడు. లారీ డ్రైవరు దిగి రెండు చేతులూ చాచి వచ్చే బళ్లని ఆపుతున్నాడు. వాడి చొక్కా అంచు పట్టుకుని నడిపిది నిలబడి ఉంది. అవును, నడిపిది. తనకంటే ముందు చేరింది అది. ఎలా చేరింది, ఎప్పుడు బయలుదేరింది, ఎన్ని బళ్ల మధ్యనుంచి దూరింది, ఆ రోజు ఎవరూ దాన్ని అడగలేదు. అందరూ కందిరీగని ముద్దులు పెట్టుకున్నారు, తిట్టారు, దిష్టి తగిలిందన్నారు, తను వాణ్ని ఒళ్లో వేసుకుని ఏడ్చింది. నడిపిది మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత దానికి జ్వరం వచ్చింది, ఎండదెబ్బ అనుకున్నారు, తడిగుడ్డ వేశారు, తగ్గింది. తగ్గాక అది రాత్రుళ్లు లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ తడిమి వచ్చేది. నిద్రలో నడక అంది అత్తగారు.

గేటు కిర్రుమంది. నీళ్ల క్యాన్ల వ్యాను లోపలికి రావాలట, వాచ్‌మన్ రెండు రెక్కలూ బార్లా తెరిచాడు, తెరిచి వ్యాను వెనక్కి రావడానికి చేతులూపుతూ పక్కకి పోయాడు. ఇప్పుడు సందు కాదు, రోడ్డంతా లోపలికి వచ్చినట్టుంది. ఆమె లేచి గేటుకి అడ్డంగా నిలబడదామనుకునేలోపు, నీలం యూనిఫాం చొక్కా పిల్లాడొకడు భవనం వైపు నుంచి దూసుకొచ్చాడు, తల వంచుకుని, చేతులు విసురుతూ, నేరుగా గేటుకేసి. ఆమె పరుగెత్తింది. రెండు చేతులతో వాణ్ని చుట్టేసింది, నేల మీద మోకాళ్లు కొట్టుకున్నాయి, పట్టుకున్నా, పట్టుకున్నా అంది, ఎవరితో అంటోందో తెలియలేదు. పిల్లాడు బిక్కచచ్చిపోయి చూశాడు. పెద్ద కళ్లు, ముందు పన్ను ఊడింది. "మా తాత డబ్బా తెచ్చాడండీ" అన్నాడు. గేటవతల ఒక ముసలాయన డబ్బా పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. ఆమె చేతులు వదిలింది, చొక్కా సర్దింది, తప్పు తప్పు నాన్నా అంది, బుగ్గ నిమరబోతే వాడు వెనక్కి జరిగాడు. వాచ్‌మన్ వచ్చి "మీవాడేనా?" అన్నాడు. కాదంది. కాదని అంటూనే గేటు వైపు తిరిగింది. ఈ పిల్లాణ్ని పట్టుకుని కూర్చున్నంతసేపూ గేటు బార్లా తెరిచే ఉంది. వ్యాను చాటునుంచి ఒకడు పోయి ఉంటే ఎవరు చూశారు? తను చూడలేదు. వాచ్‌మన్ చూడలేదు. టీచరు వద్దంటే వద్దంది, ఆవిడ కోప్పడితే కోప్పడనీ, ఒక్కసారి, దూరం నుంచి, వాడి తల కనిపిస్తే చాలు, వెనక్కి వచ్చేస్తుంది.

వరండా చల్లగా ఉంది. కొత్త సున్నం వాసన, సుద్దముక్కల వాసన, తడిసిన సంచుల వాసన. ఒక క్లాసులో అందరూ కలిసి ఎక్కం చదువుతున్నారు, ఒక క్లాసులో టీచరు పేర్లు పిలుస్తోంది, ఉన్నానండీ, ఉన్నానండీ. అమ్మా అని ఏడ్చిన పిల్లాడు ఎక్కిళ్లలోకి దిగాడు. ఆమె గోడ పక్కన ఒదిగి నడిచింది, దొంగలాగా. ఆ చివర ఒకటో తరగతి గుమ్మంలో గువ్వ కనిపించింది, ఆయా మెడ చుట్టూ చేతులేసి వేలాడుతోంది, ఆయా నవ్వుతోంది, సరే, అది బానే ఉంది. రెండో తరగతి మలుపులో. మలుపు తిరిగి ఆగిపోయింది. ఆ క్లాసు కిటికీ కింద, గోడకి వీపు ఆనించి, సంచి వీపున ఉండగానే ఒక పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. ఒక చెయ్యి నేలకానించి, ఒక మడమ పైకి లేపి, లేవమంటే లేచి పరుగెత్తేటట్టు. ఒంటిజడ. ఒంటిజడే వేసుకుంది.

"ఏమే, ఇక్కడేం చేస్తున్నావే?"

నడిపిది ఉలిక్కిపడి వేలు పెదాల మీద పెట్టుకుంది. "గట్టిగా మాట్లాడకమ్మా. నువ్వు కనిపిస్తే వాడు ఏడుస్తాడు."

"మరి నీ క్లాసు?"

"బెల్లు కొట్టాక వెళ్తా."

"బెల్లు ఎప్పుడో కొట్టారు కదే."

అది తలుపు వైపు చూసింది. "ఆ తలుపుకి లోపల గడియ లేదమ్మా, విరిగిపోయింది. నేను వెళ్తే వాడు బయటికొస్తే ఎవరు పట్టుకుంటారు?" అంది. అని, "నువ్వు ఇంటికెళ్లిపోయావనుకున్నా" అంది.

ఆమె దాని పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డ. మే నెల ఎండలో కూడా వేడెక్కని చెయ్యి తనది అనుకునేది, ఇది దానికంటే చల్లగా ఉంది, అరచెయ్యంతా చెమట. గోళ్లు కొరుక్కుని కొరుక్కుని మాంసం దాకా పోయాయి, ఎప్పటి నుంచి కొరుకుతోందో ఇది, తను చూడలేదు. పదేళ్ల పిల్ల కళ్లు తలుపు మీదే ఉన్నాయి, రెప్ప వేయడం లేదు. ఆ చూపు ఆమెకి తెలుసు. అద్దంలో చూసిన చూపు కాదు, లోపలి నుంచి తెలిసిన చూపు. ఎవరు నేర్పారు దీనికి? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఇంట్లో అన్నం కలిసి తిన్నట్టు భయం కూడా కలిసి తిన్నారు, మిగతావాళ్లకి తలా ఒక ముద్ద పెట్టి, దీనికి మాత్రం గిన్నె అంచుదాకా వడ్డించింది తను. దానికేం, చెప్పక్కర్లేదు అనుకుంటూ. రోడ్డు మీద ఆ రోజు అది ఎన్ని బళ్ల మధ్యనుంచి దూరిందో. ఇప్పుడడిగితే ఏమంటుంది? తన తల మీది కిటికీ అవతల వాడున్నాడో లేడో. లేచి ఒక్కసారి చూస్తే చాలు. ఒక్క చూపు. కానీ తను చూస్తే ఇది కూడా చూస్తుంది, తను కూర్చుంటే ఇది కూడా ఇక్కడే కూర్చుంటుంది, ఈ ఏడూ, వచ్చే ఏడూ, తలుపుల పక్కన, ఒక మడమ లేపుకుని.

"లే. మీ క్లాసుకి పోదాం" అంది.

"వాడు?"

"వాణ్ని నేను చూసుకుంటా."

"నువ్వు చూడలేదు కదా, ఉన్నాడో లేడో."

"ఉన్నాడు" అంది ఆమె. అబద్ధమో నిజమో ఆమెకే తెలియదు. కిటికీ వైపు తల తిప్పకుండా లేచింది, మెడలో నరం తెగుతుందేమో అన్నంత బిగపట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచింది. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే వెనక ఎవరో కొంగో జుట్టో పట్టి లాగుతున్నట్టుంది. మధ్యలో నడిపిది ఆగింది, "అమ్మా, నువ్వెప్పుడూ నాతో పైకి రాలేదు" అంది. నిష్ఠూరం కాదు, ఆశ్చర్యం. ఆమె దాని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఐదో తరగతి టీచరు కుర్రాడు, చేతిలో సుద్దముక్క. "ఎవరండీ మీరు? కింద రెండో తరగతిలో కొత్తగా చేరిన బాబు తాలూకానా?" అన్నాడు. వాడి సంగతి అప్పుడే పైదాకా పాకింది. అవునండీ అనబోయింది, ఏడేళ్లుగా నోటికి అలవాటైన జవాబు అది.

"నేను ఈ పిల్ల అమ్మనండి" అంది. "ఆలస్యమైంది, తప్పు నాది. దీన్ని తలుపు పక్కన కూర్చోబెట్టకండి. లోపలగా, పిల్లల మధ్యలో కూర్చోబెట్టండి."

నడిపిది ఇద్దరు ఆడపిల్లల మధ్య సందు చేసుకుని కూర్చుంది. వాళ్లు జరిగారు, ఒకతి ఏదో అడిగింది, ఇది తల ఊపింది. సంచి ఇంకా వీపు మీదే ఉంది. సరిగ్గా అప్పుడు కింద నుంచి అరుపు వచ్చింది. ఈసారి అందులో మాట లేదు. ఒకే శృతి, సన్నగా మొదలై, పైకి, ఇంకా పైకి, ఇనుము మీద ఇనుము గీసినట్టు. క్లాసులో పిల్లలు చెవులు మూసుకున్నారు. నడిపిది సగం లేచింది, మడమ లేచింది, కళ్లు తల్లి కళ్లలో పడ్డాయి.

"విన్నాను" అంది ఆమె గుమ్మంలోంచి. "నేను వెళ్తున్నా కదా. నువ్వు సంచి దింపు. పుస్తకం తియ్యి."

పిల్ల చూసింది. తర్వాత ఒక భుజం పట్టీ తీసింది, రెండోది తీసింది.

ఆమె వెనుదిరిగి మెట్లు దిగింది. ఒక్కో మెట్టే, మామూలుగా దిగే మనిషి దిగినట్టు, ఎందుకంటే పైన ఒక పిల్ల పుస్తకం తెరిచి అక్షరాలు చూడకుండా ఈ చెప్పుల చప్పుడే వింటూ ఉంటుంది, అది పరుగైతే తెలిసిపోతుంది. ఒళ్లంతా దూకమంటోంది. టప్, టప్, టప్. మలుపు తిరిగాక చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది, అప్పుడు పరుగెత్తింది, చల్లటి నాపరాళ్ల మీద, చప్పుడు లేకుండా.

తలుపు ఓరగా ఉంది. పిల్లలందరూ ఒక గోడకి చేరి ఉన్నారు. వాడు బల్ల కింద దూరి ఉన్నాడు, చొక్కా లేదు, చెవులు మూసుకుని, నోరంతా తెరిచి. టీచరు కూడా బల్ల కిందే ఉంది, అవతలి కొసన, నేల మీద చతికిలబడి, మోచేతి మీద పళ్లగాటు ఎర్రగా కనిపిస్తోంది. ఆవిడ వాణ్ని పట్టుకోవడం లేదు, ఏమీ అనడం లేదు, తన చేతులు తన ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. తలుపు దగ్గర ఆమెను చూసింది. చూసి, వాడికి కనపడకుండా, అరచెయ్యి కొద్దిగా ఎత్తింది. అక్కడే ఆగండి.

ఆమె ఆగింది. తలుపు చాటున, గోడకి భుజం ఆనించి, చెప్పులు గుండెకి అదుముకుని. లోపల వాడి అరుపు లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. ఎప్పుడు తగ్గుతుందో తెలియదు, ఇవాళ తగ్గుతుందో లేదో తెలియదు, రేపు మళ్లీ రావాలి. లోపలికి వెళ్లలేదు. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా తను కూడా ఊపిరి తీసుకుంటూ అక్కడే నిలబడింది.